ఏడో బెడ్డు ఆడపడుచు

మా ఆస్పత్రిలో నర్సుల గది గోడకి, టీ ఫ్లాస్కు పైన, ఒక కాగితం అతికించి ఉంది. ఫోను, వాట్సాప్, ఫేస్‌బుక్, రీల్స్ సంగతిలో ఇక్కడ పనిచేసేవాళ్లు ఏం చెయ్యొచ్చో, ఏం చెయ్యకూడదో పదమూడు లైన్లలో రాసి ఉంది. ఆ పదమూడు లైన్లకీ నాకు నాలుగు నెలలు పట్టింది. కాన్పుకి తొమ్మిది పడుతుంది కదా, నయమే అంది మా అక్క.

అక్క కాన్పుల డాక్టరు. నలభై పడకల ఆస్పత్రి ఆవిడది. నేను బీకాం చదివి, పెళ్లయ్యాక పదేళ్లు ఇంట్లో ఉండి, పద్నాలుగేళ్లుగా ఈ ఆస్పత్రి డబ్బూ మనుషులూ చూసుకుంటున్నాను. తణుకుకీ భీమవరానికీ మధ్య ఎక్కడో ఉందనుకోండి. ఊరి పేరు రాయను, ఎందుకు రాయలేదో చదువుతుంటే మీకే తెలుస్తుంది. కింద రాసిన బెడ్డు నంబరు కూడా అసలుది కాదు. సిస్టర్ల గురించి రాసినచోట ముందు వాళ్లకి చదివి వినిపించాను. ఒకచోట “నన్ను మరీ ఏడిపించేశారండి మేడమ్, అంత ఏడవలేదు” అంటే దిద్దాను.

మొదలైంది ఒక స్టేటస్‌తో.

ఏడో బెడ్డులో తొలిచూలు. పుట్టింటివాళ్లు తీసుకొచ్చారు. భర్త కువైట్‌లో. ఆపరేషన్ చేసి ఆడపిల్లని తీశారు, తల్లీబిడ్డా క్షేమం. అత్తవారికి కబురు చెయ్యాలి కదా, వర్జ్యం వెళ్లాక ఫోన్ చేద్దామని అమ్మాయి తల్లి ఆగింది. గంటన్నర తేడా, అంతే. ఆ గంటన్నరలో మా చిన్న సిస్టర్, ఇరవై రెండేళ్ల పిల్ల, బిడ్డని తుడిచి గుడ్డలో చుట్టి, ముద్దొచ్చి ఒక ఫొటో తీసి, “మా బుజ్జి లక్ష్మి వచ్చేసింది” అని పాట పెట్టి తన వాట్సాప్ స్టేటస్‌లో వేసింది. కాలికి కట్టిన పట్టీ మీద తల్లి పేరు స్పష్టంగా కనిపిస్తోంది.

వాట్సాప్ స్టేటస్ అందరికీ కనపడదు కదా అనుకుంటాం. ఇద్దరి ఫోన్లలోనూ ఒకరి నంబరు ఒకరికి ఉంటేనే కనపడుతుంది. ఇక్కడ ఉంది. అడ్మిషన్ రోజు రక్తం అవసరమైతే ఎవరు వస్తారని అడిగినప్పుడు భర్త చెల్లెలు నంబరిచ్చి వెళ్లింది. మా పిల్ల దాన్ని తన ఫోన్లో “ఏడో బెడ్డు ఆడపడుచు” అని పెట్టుకుంది. ఆవిడా ఈ పిల్ల నంబరు దాచుకుంది. ఫొటో చూసింది, స్క్రీన్‌షాట్ తీసింది, ఇంటి గ్రూపులో వేసింది. పది నిమిషాల్లో కువైట్ దాకా వెళ్లింది.

సాయంత్రం ఇద్దరు వియ్యపురాళ్లూ నా టేబుల్ ముందు నిలబడ్డారు. అత్తగారిది ఒకటే మాట: “మా ఇంటి పిల్ల పుట్టిందని మాకు నర్సు చెప్పాలా?” తల్లిది ఇంకో బాధ. “పురుడన్నా కాలేదు, పదకొండో రోజన్నా రాలేదు, ఊరంతా చూసేశారు పిల్లని. రాత్రి నుంచి పాలు పట్టకపోతే ఎవరిది పూచీ?” నేను క్షమించమన్నాను. నా మాట వాళ్లు వింటున్నట్టు లేరు, వాళ్ల అసలు గొడవ వాళ్లిద్దరి మధ్య ఉంది. కబురు ఎవరు ముందు చెప్పాలన్నది మా వైపు చిన్న విషయం కాదు. ఆ పిల్ల పెద్దదయ్యాక కూడా పెళ్లిళ్లలో ఈ మాట వస్తుంది, చూడండి.

అక్క ఆ రాత్రే అంది, రేపట్నుంచి ఫోన్లు లాకర్లో పెట్టించు అని.

అది కుదరదని అక్కకీ తెలుసు. అర్ధరాత్రి నొప్పులతో ఎవరైనా వస్తే సీటీజీ పట్టీ ఫొటో తీసి అక్కకి పంపేది ఆ ఫోన్లలోంచే. బిడ్డ గుండె కొట్టుకునే గీత చూసి ఇంట్లోంచే “వస్తున్నా, థియేటర్ రెడీ చెయ్యండి” అంటుంది. రక్తం రిపోర్టు వాట్సాప్‌లో. మత్తు డాక్టరు పక్క ఊరినుంచి రావాలి, పిలుపు వాట్సాప్‌లో. కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపు నరం వెతికేది ఫోన్ టార్చితో. మనమే వాళ్ల సొంత ఫోన్ని పనిముట్టు చేశాం, వాళ్ల సొంత డేటాతో. ఆ పనిముట్టు చేతిలో ఉన్నప్పుడు వాళ్లకి ముద్దొస్తే ఫొటో తీస్తారు. లాకర్ మాట పక్కన పడింది.

అప్పుడు నేనొక పని చేశాను, గొప్పగా చెప్పుకునేది కాదు. ఆ రాత్రి ఒంటిగంట దాకా కూర్చుని మా స్టాఫ్ అందరి రీల్సూ చూశాను. చాలావరకూ అమాయకమైనవి. వార్డుబాయ్ తన బైక్ కడుక్కుంటున్నాడు. ఫార్మసీ అబ్బాయి హీరో డైలాగులు చెబుతున్నాడు, బాగానే చెబుతున్నాడు. హెడ్ సిస్టర్ చర్చిలో పాడిన పాటకి నాలుగు వేల మంది చూసినవాళ్లున్నారు, నాకు తెలియనే తెలియదు. తర్వాత ఒకటి వచ్చింది. ఇద్దరు సిస్టర్లు డ్యూటీ టేబుల్ దగ్గర, యూనిఫాంలో, సినిమా పాటకి పెదాలు కదుపుతున్నారు. పదిహేను సెకన్లు. చూసినవాళ్లు 212 మంది. వీళ్లిద్దరి వెనక మా తెల్లబోర్డు.

ఆ బోర్డు మీద బెడ్డు నంబరు, పేషెంటు పేరు, ఏ కేసు అన్నది రాస్తాం. ఆ రోజు ఒక పేరు ఎదురుగా మూడక్షరాలున్నాయి. గర్భం తీయించుకున్నవాళ్లకి రాసే అక్షరాలు. వీడియో ఆపి వేళ్లతో పెద్దది చేస్తే పేరు, ఇంటిపేరుతో సహా, చదవడానికి వస్తోంది.

నాకు చెమట పట్టింది. గర్భస్రావ చట్టానికి 2021లో చేసిన సవరణతో 5ఏ అనే సెక్షన్ వచ్చింది. గర్భం తీయించుకున్న మనిషి పేరూ వివరాలూ, చట్టం అధికారమిచ్చిన వాళ్లకి తప్ప ఎవరికీ చెప్పకూడదు. చెబితే ఏడాది దాకా జైలు, లేకపోతే జరిమానా, లేకపోతే రెండూ. ఆ సెక్షన్లో ఉన్న మాట డాక్టరు గురించి. అంటే రీల్ చేసింది వాళ్లయినా ముందు సమాధానం చెప్పుకోవాల్సింది మా అక్క. చట్టం సంగతి అటుంచండి. ఆ 212 మందిలో ఆ అమ్మాయి ఊరివాళ్లు ఒక్కరున్నా ఆమె బతుకేమిటి? ఆ రోజు ఎవరూ బోర్డు వైపు చూడలేదు, ఆ ఇద్దరి మొహాలే చూశారు. మా అదృష్టం.

రాత్రే ఫోన్ చేసి తీయించేశాను. ఒకమ్మాయి ఏడ్చింది (ఎక్కువ కాదు). “బోర్డు వెనకాల ఉందని చూసుకోలేదండి మేడమ్.” నిజమే చెప్పింది. ఆ బోర్డుని మేమూ ఎనిమిదేళ్లుగా చూసుకోలేదు. వచ్చేపోయే చుట్టాలందరూ దాటుకుంటూ పోయే దారిలో పెట్టింది మేమే. కేసు పేరు రాయమన్నది మేమే. రీల్ దాన్ని 212 మందికి చూపించింది, అంతకుముందు రోజూ యాభైమందికి మేం చూపిస్తూనే ఉన్నాం. అందుకని మొట్టమొదట చేసిన పని కాగితం రాయడం కాదు. బోర్డు పీకించి లోపలి గదిలో పెట్టించాను. ఇప్పుడు దాని మీద బెడ్డు నంబరు, డాక్టరు పేరు మాత్రమే ఉంటాయి. మిగతాది కేస్‌షీట్‌లో.

రిసెప్షన్లో సీసీ కెమెరాల టీవీ కూడా జనం వైపు తిప్పి ఉందని అప్పుడే గమనించాను. దొంగలు భయపడతారని అలా పెట్టించాం. పదహారు చదరాల్లో ఎవరు ఏ గదిలోకి వెళ్తున్నారో ఊరంతా చూడొచ్చు. దాన్నీ తిప్పించాను.

తర్వాత కాగితం. అందరూ చేసేదే నేనూ చేశాను, ఇంటర్నెట్‌లో వెతికితే తొమ్మిది పేజీల ఇంగ్లీషు పాలసీ దొరికింది. ఎవరో సాఫ్ట్‌వేర్ కంపెనీవాళ్లది. కంపెనీ పేరు తీసేసి మా పేరు పెట్టి, కూర్చుని తెలుగులోకి దింపాను. “సంస్థ ప్రతిష్ఠకు భంగం కలిగించు విధముగా ఉద్యోగి ఏ మాధ్యమములోనూ...” అలా సాగింది. హెడ్ సిస్టర్‌కి చదవమని ఇచ్చాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని శ్రద్ధగా చదివి, “ప్రతిష్ఠ అంటే, విగ్రహ ప్రతిష్ఠాండి?” అంది. వేళాకోళానికి అందో నిజంగా అందో ఇప్పటికీ తెలియదు. ఆవిడ మొహం అలాంటిది.

భీమవరంలో వకీలుగా ఉన్న మా బావకి పంపాను, మేనమామ కొడుకు. సాయంత్రానికి ఫోన్ చేసి నవ్వుతున్నాడు. “అమ్మాయ్, ఇందులో ఐటీ చట్టం 66ఏ కింద చర్య తీసుకుంటామని రాశావు.” ఔను, ఇంటర్నెట్‌లో నొప్పించే రాతలు రాస్తే శిక్ష వేసే సెక్షనది, ఆ పాలసీలో ఉంది, దింపాను. “అది చచ్చిపోయి చాలా కాలమైంది. 2015 మార్చి 24న సుప్రీంకోర్టు కొట్టేసింది. కొట్టేశాక కూడా పోలీసులు దాని కింద కేసులు పెడుతున్నారని 2021లో మళ్లీ కోర్టే ఆశ్చర్యపోయింది. నువ్వు ఇప్పుడు గోడకి అంటిస్తావా?” తొమ్మిది పేజీల్లో ఎన్ని అలాంటి శవాలున్నాయో నాకెలా తెలుస్తుంది? చింపేశాను.

బావ ఇంకో మాట చెప్పాడు, అది నాకు పనికొచ్చింది. వందమంది, అంతకు పైగా పనిచేసేచోట పని నియమాలు ఎలా ఉండాలో 1946లోనే స్టాండింగ్ ఆర్డర్ల చట్టం అని ఒకటి తెచ్చారట. అందులో, నియమాలని గేటు దగ్గర బోర్డు మీద ఇంగ్లీషులోనూ, పనివాళ్లలో ఎక్కువమందికి అర్థమయ్యే భాషలోనూ పెట్టి తీరాలని ఉండేదట. మేం ముప్ఫై ఎనిమిది మందిమే, మాకు వర్తించదు. కానీ స్వాతంత్ర్యానికి ముందే మిల్లు కూలీకి అర్థమయ్యే భాషలో రాయమన్నారు కదా, 2020ల్లో నేను నర్సుకి “మాధ్యమము” అని రాశానే అనిపించింది.

శిక్షల సంగతి కూడా అప్పుడే ఆలోచించాను. టిక్‌టాక్ రోజులు గుర్తున్నాయా? 2019లో ఒడిశాలో మల్కన్‌గిరి ప్రభుత్వాస్పత్రిలో నర్సులు పసిపిల్లల వార్డులోనే డాన్సు వీడియోలు చేశారని దేశమంతా తిట్టింది. అదే ఏడాది ఖమ్మం మునిసిపల్ ఆఫీసు సిబ్బంది డ్యూటీ వేళల్లో వీడియోలు చేసి వార్తల్లోకెక్కారు, వాళ్ల మీద చర్యలు తీసుకున్నారు. 2020 జూన్ 29న టిక్‌టాకే పోయింది, ఆ జాగాలోకి రీల్స్ వచ్చాయి. ఇంకోటి పోతే మరోటి వస్తుంది. అందుకని మా కాగితంలో ఏ యాప్ పేరూ నిషేధించలేదు. పాట పాడతావా, పాడు. డాన్సు చేస్తావా, చెయ్యి. వెనకాల గోడ మీద ఏముందో చూసుకో.

ఆ ఇద్దరు సిస్టర్లనీ తీసెయ్యమంది అక్క. జీఎన్ఎం, అంటే నర్సింగ్ డిప్లొమా, చదివిన సిస్టర్ దొరకడం ఎంత కష్టమో ఆవిడకి తెలియదు, ప్రకటనలిచ్చేది నేను. ఉన్నవాళ్లలో ఒకమ్మాయి ఇప్పటికే జర్మన్ భాష క్లాసులకి వెళ్తోంది. కానీ తీసెయ్యకపోవడానికి అది కారణం కాదు. రాయని నియమానికి శిక్షేమిటి?

మంగళవారం మధ్యాహ్నం మూడింటికి, ఓపీ ఖాళీగా ఉండే వేళ, అందర్నీ కూర్చోబెట్టాను. ఆయమ్మలు, వాచ్‌మన్, అంబులెన్స్ డ్రైవరుతో సహా. టీ, మిరపకాయ బజ్జీలు. చేత్తో రాసిన చిత్తుప్రతి చదువుతున్నాను. పేషెంటు మొహం, పేరు, కాగితం, ఏదీ బయటికి పోకూడదు. పుట్టిన బిడ్డ ఫొటో అసలే వద్దు. తలూపుతున్నారు. చిన్న సిస్టర్, ఏడో బెడ్డు గొడవప్పట్నుంచి నా ముందు నోరెత్తనిది, చెయ్యెత్తింది.

“మేడమ్, మన ఆస్పత్రి పేజీలో మొన్న కవల పిల్లల ఫొటో పెట్టారు కదండి. వాళ్లనడిగారాండి?”

ఎవరూ బజ్జీ నమలడం లేదు.

మా పేజీ నడిపేది రాజమండ్రిలో ఒక కుర్రాడు. నెలకి ఎనిమిది వేలు ఇస్తాం. డిశ్చార్జి రోజు తల్లీబిడ్డలతో అక్క నవ్వుతూ ఫొటో, “మరో సుఖప్రసవం” అని కింద రాత, ఫోన్ నంబరు. అడిగామా అంటే అడిగాం. ఎప్పుడు? బిల్లు దగ్గర. ఆ తండ్రి రెండు వేలు తగ్గించమని నన్ను బతిమాలుతున్నప్పుడు, సరే తగ్గిస్తాను గానీ ఒక ఫొటో తీసుకుంటామండీ అని. ఆయన కాదంటాడా? అది ఒప్పుకోవడం అంటారా? ఆ పిల్లని స్టేటస్ పెట్టినందుకు నేను నిలబెట్టి అడిగానే, ఆ పిల్ల ముద్దొచ్చి పెట్టింది. మేం వ్యాపారానికి పెట్టాం.

ఆ రాత్రి నుంచి మూడు రాత్రులు కూర్చుని పేజీలోంచి 63 ఫొటోలు తీసేశాను. అక్క ఊరుకోలేదు. అందరు డాక్టర్లూ పెడుతున్నారంది. పేషెంట్ల ఫొటోలు, స్కాన్‌లు సోషల్ మీడియాలో పెట్టకూడదని జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టులో నియమాలు ఇచ్చింది కదా అన్నాను. అదే నెలలో వాటిని ఆపేశారు కదా అంది అక్క. ఇద్దరం చెప్పిందీ నిజమే. ఆపితే మాత్రం, అది తప్పని ఒకసారి రాసినవాళ్లకి అనిపించిందిగా అని నేను. ఇలా భోజనాల దగ్గర చాలా రోజులు నడిచింది. చివరికి ఒప్పందం: ఇప్పుడు ఫొటో కావాలంటే డిశ్చార్జి అయి ఇంటికెళ్లాక, ఇరవై ఒకటో రోజు ఉయ్యాల అయ్యాక, వాళ్లంతట వాళ్లు పంపితేనే. సంతకంతో. ఎప్పుడు వద్దన్నా తీసేస్తామని రాసిస్తాం. ఈ పద్ధతి పెట్టాక వచ్చిన ఫొటోలు నాలుగు. రాజమండ్రి కుర్రాడు పనిలేక పండగ శుభాకాంక్షలు పెడుతున్నాడు.

ఒకరు నోరు విప్పితే మిగతావాళ్లూ విప్పుతారు. రిసెప్షన్ అమ్మాయి అంది, ఉచిత క్యాంపు పోస్టరు అందరూ స్టేటస్ పెట్టుకోవాలని గ్రూపులో ఆర్డరు వేస్తారు కదండి, మా ఫోన్ మాది కాదాండి? పెట్టనివాళ్ల పేర్లు కూడా నేను ఒకసారి అడిగాను, నిజమే. అది తీసేశాం. ఇష్టమైతే పెట్టుకుంటారు. గూగుల్‌లో మా ఆస్పత్రికి ఐదు చుక్కలిచ్చి పొగుడుతూ రాయమని రాజమండ్రి కుర్రాడు స్టాఫ్‌కి చెప్పాడట, ఇది నాకు తెలియదు. ఇద్దరు రాశారు కూడా. వార్డుబాయ్ “నా కాన్పు ఇక్కడే జరిగింది, చాలా బాగా చూశారు” అని రాశాడు. కాపీ కొట్టడంలో పొరపాటు. అందరం నవ్వాం, తర్వాత తీయించాం. ఇక్కడ పనిచేసేవాళ్లు ఇక్కడి గురించి రివ్యూ రాయకూడదు, ఇది ఏడో లైను.

అంబులెన్స్ డ్రైవరుది రాజకీయం. 2024 మే 13 ఎన్నికలకి ముందు నెలంతా ఆయన ఫేస్‌బుక్ నిండా జెండాలే. అందులో ఒకటి మా అంబులెన్స్ బానెట్ మీద కూర్చుని మెళ్లో కండువాతో. “పార్టీ నా ఇష్టం కదండి అమ్మగారూ.” ఆయ్, మీ ఇష్టమే. బండి మాత్రం ఎవరి పార్టీదీ కాదు. ఆ బండిలో రేపు ఎక్కేది అవతలి పార్టీ మనిషి కావచ్చు. కండువా, కులం, దేవుడు, హీరో, ఎవరిది వాళ్లు రాసుకోండి. యూనిఫాం మీద, బండి మీద, ఆస్పత్రి బోర్డు పక్కన మాత్రం వద్దు. హెడ్ సిస్టర్ చర్చి పాటల సంగతి అడిగింది. దానికీ అంతే. ఆవిడెప్పుడూ యూనిఫాంలో పాడలేదు.

అన్నిటికన్నా తెగనిది ల్యాబ్ కుర్రాడి సంగతి. అంతకు రెండు నెలల ముందు ఆస్పత్రికి రావాల్సిన బిల్లులు రాక, జీతాలు పన్నెండో తారీఖున వేశాం. పదో తారీఖున అతను ఫేస్‌బుక్‌లో రాశాడు: “నాకు లేటయినా పర్లేదు. ఆయమ్మలకి ఇంట్లో గ్యాస్ అయిపోయింది. వాళ్లకైనా ముందు ఇవ్వండి.” ఆస్పత్రి పేరు రాయలేదు. ఊరిలో అందరికీ తెలుసు. అక్క చాలా బాధపడింది, నేను కోపపడ్డాను. ఈ నియమాల కాగితం మొదలెట్టినప్పుడు మనసులో ఒక మూల ఉన్నది ఇదే, దీన్ని ఆపాలని. యాజమాన్యం గురించి ఎక్కడా రాయకూడదని ఒక లైను రాసి పెట్టుకున్నాను కూడా.

బావకి చదివి వినిపించాను. ఆయన అడిగాడు, “జీతం ఏడో తారీఖులోపు ఇవ్వాలని తెలుసా నీకు? 1936 వేతనాల చట్టం నుంచీ ఉన్న గడువే అది. అతను ఫేస్‌బుక్‌కి బదులు లేబర్ ఆఫీసుకి వెళ్లుంటే?” మీటింగులో ఆ లైను చదవకుండా దాటేద్దామనుకున్నాను గానీ హెడ్ సిస్టర్ చిత్తుప్రతి ముందే చూసింది కదా. “అది చదవలేదేంటండి?” అంది. చదివాను. కాసేపాగి అంది, “ఆ అబ్బాయి రాసింది అబద్ధం కాదు కదండి.”

పేషెంటు రహస్యం ఒకటి, మా తప్పు ఇంకొకటి. రెండూ బయటికి పోవడం నాకు ఒకేలా అనిపించింది, ఎందుకంటే రెండిటిలోనూ పోయేది మా పేరు. కానీ మొదటిది పేషెంటు సొత్తు, దాన్ని కాపాడటానికి మాకు జీతం ఇస్తున్నారు. రెండోది ఆయమ్మ సొత్తు. ఆమె కష్టం ఆమె చెప్పుకుంటే నాకేం హక్కు? రాత్రంతా ఆలోచించి ఆ లైను తిరగరాశాను. ఇప్పుడు కాగితంలో పదో లైను ఇలా ఉంది: “జీతం, డ్యూటీ వేళలు, సెలవులు, మేనేజ్‌మెంట్ పద్ధతి గురించి మీరు ఎక్కడ ఏం రాసుకున్నా ఆస్పత్రి చర్య తీసుకోదు. ముందు మాకు చెబితే సంతోషిస్తాం.” రెండో వాక్యం అక్క కోసం.

మా కాగితం చూసిన ఇంకో ఆస్పత్రి మేనేజరు, స్నేహితుడే, ఆ లైను చూసి నాకు మతి పోయిందన్నాడు. ఆయన దగ్గర ఎవరైనా ఒక్క మాట రాస్తే ఆ రోజే బయటికి. ఆయన దగ్గర ఏడాదికి ఎంతమంది మారతారో కూడా నాకు తెలుసు.

ఫోన్ల సంగతికొస్తే, పదకొండు వేలు పెట్టి ఒక డ్యూటీ ఫోన్ కొన్నాం. సీటీజీ ఫొటోలు, రిపోర్టులు అందులోంచే. రాత్రి డ్యూటీ సిస్టర్ దగ్గర ఉంటుంది, పొద్దున్న తర్వాతి సిస్టర్‌కి ఇస్తుంది, రిజిస్టర్‌లో సంతకం. అంతకుముందు ఆ ఫొటోలన్నీ సిస్టర్ల సొంత గ్యాలరీల్లో పడి ఉండేవి. ఒక సిస్టర్ తమ్ముడు పదో తరగతి, గేములాడుతూ గ్యాలరీ తెరిస్తే ఆపరేషన్ బల్లలు కనిపించేవట. అవన్నీ తుడిపించాం. వాట్సాప్‌లో మీడియా విజిబిలిటీ అని ఒక మీట ఉంటుంది, అది ఆపితే వచ్చిన ఫొటోలు గ్యాలరీలో చేరవు. డ్యూటీ గ్రూపులో మెసేజీలు వారానికి వాటంతటవే పోయేలా పెట్టాం. కాగితం పట్టీ ఎలాగూ కేస్‌షీట్‌లో ఉంటుంది, అది ఉండాల్సింది అక్కడే.

చుట్టాలు తీసే వీడియోల దగ్గర మాత్రం నేను ఓడిపోయాను. వరండాలో ఎవరో వీడియో కాల్‌లో దుబాయ్‌కి బిడ్డని చూపిస్తుంటారు, వెనక బెడ్డు మీద ఇంకొకామె పాలిస్తూ ఉంటుంది. బోర్డులు పెట్టాం, చెబుతున్నాం, తెర కట్టాం. ఆయమ్మ గొంతు ఒక్కటే పనిచేస్తోంది. మైకు పట్టుకుని వచ్చే యూట్యూబ్ చానళ్లవాళ్లకి మాత్రం ఒకే మాట చెప్పాలని అందరికీ నేర్పాను: “మేడమ్ వస్తున్నారండి, కూర్చోండి.” దానికి మించి ఒక్క అక్షరం వద్దు.

స్టాఫ్ సొంత అకౌంట్లు నేను చూడను. ఆ రాత్రి చూసినట్టు మళ్లీ చూడనని మీటింగులోనే ఒప్పుకున్నాను, పన్నెండో లైనులో రాశాను: మీ ఫోన్ అడగం, పాస్‌వర్డ్ అడగం, మీ పేజీలు వెతకం. మరి తప్పు జరిగితే ఎలా తెలుస్తుందంది అక్క. ఎవరైనా వచ్చి చెబితే తెలుస్తుంది. చెప్పకపోతే తెలియదు. దీనికి నా దగ్గర ఇంతకన్నా మంచి జవాబు లేదు.

తప్పు చేస్తే ఏమిటన్నది పదమూడో లైను. మొదటిసారి పిలిచి చెప్పడం, పోస్టు తీయించడం. రెండోసారి మెమో, రాతపూర్వకంగా వాళ్ల జవాబు. తెలిసి తెలిసి పేషెంటు గుట్టు బయటపెడితే ఉద్యోగం ఉండదు, అదీ వాళ్ల మాట విన్నాకే. జీతం కోత లేదు. ఇంతవరకూ మొదటిసారి దాటలేదు. మొదటిసారే మూడు జరిగాయి.

ఆ మూడింటిలో ఒకటి అక్కది. గూగుల్‌లో ఒకాయన మా ఆస్పత్రికి ఒక్క చుక్క ఇచ్చి, బిల్లు ఎక్కువ వేశారని రాశాడు. అక్క రాత్రి పదకొండింటికి జవాబిచ్చింది: మీ భార్య ఆరో నెల నుంచి చెకప్‌లకి రాలేదు, బీపీ ఎంతుందో తెలుసా, షుగరు ఎంతుందో తెలుసా, మేం కాబట్టి కాపాడాం అని అన్నీ అంకెలతో సహా. ఒక్క అబద్ధం లేదు. మొత్తం ఆవిడ కేస్‌షీటే. పొద్దున్న నేను చూసేదాకా అది అందరికీ కనపడుతూనే ఉంది. తీయించాను. “మీ బాధ విన్నాం, ఫలానా నంబరుకి ఫోన్ చెయ్యండి” అని పెట్టాను. అక్క రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

కాగితం కింద అందరం సంతకాలు పెట్టాం. రాయడం రానివాళ్లకి చదివి వినిపించి వేలిముద్ర తీసుకుందామంటే, మా పెద్ద ఆయమ్మ ఒప్పుకోలేదు, నాకు సంతకం వచ్చండి అని పెన్ను లాక్కుని ఐదు నిమిషాలు రాసింది. ముప్ఫై ఎనిమిది గీతలు గీశాను, ముప్ఫై ఏడు నిండాయి. పైనున్న మొదటి గీత ఖాళీగా ఉంది. అక్క ఓపీ అయ్యాక పెడతానంటోంది. రోజూ ఓపీ అవుతోంది.